గుంటగలగర, గడ్డిచామంతి: తేడా ఎక్కడ?

తలనూనె కాద్దామని గుంటగలగరాకు కోసుకొచ్చేవాళ్ళ సంచిలో సగం గడ్డిచామంతే ఉంటుంది. రెండూ చామంతి కుటుంబమే. రెండింటికీ ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి, నూగుతో గరుకుగా ఉంటాయి. అందుకే ఆకుల అమరిక చూసి తేల్చలేం.

పువ్వు చూడండి. గడ్డిచామంతికి జానెడు పొడవు సన్నటి కాడ, దాని చివర ఒకే పువ్వు. మధ్యలో పసుపు, చుట్టూ సాధారణంగా అయిదు తెల్లటి రేకులు. ఒక్కో రేకు కొస మూడు పళ్ళుగా చీలి ఉంటుంది. గుంటగలగర పువ్వు చొక్కా గుండీ కంటే చిన్నది, పొట్టి కాడతో ఆకు మొదట్లోంచే వస్తుంది. అంచున వెంట్రుకల్లాంటి తెల్లరేకులు బోలెడు. మధ్య భాగమూ తెలుపే, పసుపు కనిపించదు.

ఆకులో తేడా: గడ్డిచామంతిది వెడల్పు, అంచున లోతైన రంపపు పళ్ళు. గుంటగలగరది సన్నగా, పొడవుగా ఉంటుంది, తొడిమ దాదాపు లేనట్టే.

పూలు లేని రోజుల్లో నాకు నమ్మకమైన పరీక్ష ఒకటుంది: ఆకు నలిపి కాసేపు ఆగడం. గుంటగలగర రసం గాలి తగిలితే నల్లబడుతుంది, వేళ్ళకూ ఆ నలుపు అంటుకుంటుంది. గడ్డిచామంతి అలా చేయదు.

చోటు కూడా కొంత చెబుతుంది. గుంటగలగరకు తడి కావాలి: పొలం గట్లు, కాలువ ఒడ్లు. అమెరికా ఉష్ణప్రాంతాల నుంచి వచ్చిన గడ్డిచామంతి మాత్రం ఎండిన రోడ్డు పక్కన కూడా హాయిగా బతికేస్తుంది. దాని గింజలకు దూదిలాంటి కుచ్చు ఉంటుంది, గాలికి ఎగిరిపోతాయి.