లోగో తాబేలు, బేసిక్ లైన్ నంబర్లు

మా బడిలో కంప్యూటర్ భాషలు రెండు నేర్పేవారు: ఆరో తరగతికి లోగో, ఎనిమిదికి బేసిక్‌లో ఒక రకమైన జీడబ్ల్యూ-బేసిక్. నాకు నిజంగా ప్రోగ్రామింగ్ నేర్పింది ఏదంటే, తడుముకోకుండా లోగో అంటాను.

1967లో సీమోర్ పాపర్ట్, సహచరులు పిల్లల కోసమే చేసిన భాష అది. తెర మీద చిన్న త్రికోణం, అదే తాబేలు; మనం చెప్పినట్టు నడుస్తూ గీత గీస్తుంది. ఫార్వర్డ్ 100, రైట్ 90 అని నాలుగుసార్లు కొడితే చతురస్రం. తర్వాత రిపీట్ 4 నేర్చుకున్నాం, అంతా ఒక్క వరుసలో ఇమిడిపోయింది. ఒక అడుగు వేసి ఒక డిగ్రీ తిరగమని 360 సార్లు చెబితే గుండ్రని గీత! లెక్కల క్లాసులో బుర్రకెక్కని కోణం ఆరోజు ఒంటికి పట్టింది. బెంచీ పక్కన నిలబడి నేనే తిరిగి చూసుకున్నాను. తెలియని మాట కొడితే, అదెలా చేయాలో తనకు తెలియదనేది లోగో. అయితే నేర్పుదాం అనిపించేది.

బేసిక్ 1964లో డార్ట్‌మత్ కాలేజీలో పుట్టింది. తప్పు రాస్తే సింటాక్స్ ఎర్రర్, అంతే. ప్రోగ్రాములో ప్రతి వరుసకూ ముందు ఒక నంబరు ఉండేది; ఫలానా నంబరుకు దూకమనే గోటూలు పెరిగితే దారి తప్పేవాణ్ణి. కానీ 10, 20 మధ్య మరిచిపోయిన వరుసను 15గా ఇరికించడం భలే నచ్చేది. పైగా ఇంట్లో కంప్యూటర్ లేని నాకు, నోటుబుక్కులో రాసుకుని వేలితో వరుసవరుసగా నడిపించుకునే వీలు బేసిక్‌లోనే దొరికింది. పదిహేడో ఎక్కం ప్రోగ్రాము అలాగే రాశాను. వారం తర్వాత ల్యాబులో మొదటిసారే నడిచింది.