చిలీ బ్లూబెర్రీ ఆగస్టులో రాదు: విజయనగరంలో కొనేవారికి హెచ్చరిక

విజయనగరంలో తాజా బ్లూబెర్రీలు కొంటున్నవారు దయచేసి ఇది పూర్తిగా చదవండి. పట్టణంలో దిగుమతి పండ్లు అమ్మే ఒక దుకాణంలో డబ్బా మీద ముద్రించిన అసలు వివరాలను కప్పేసి, వేరే దేశం పేరుతో స్టిక్కర్ అతికించి, ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. ఫిర్యాదు విచారణలో ఉన్నందువల్ల దుకాణం పేరు రాయడం లేదు. ఇదే మోసం మరోచోట ఎదురైతే గుర్తుపట్టడానికి కావలసిన వివరాలు మాత్రం అన్నీ రాస్తున్నాను.

నేను ఇంట్లోనే కేకులు చేసి ఆర్డర్ల మీద ఇస్తుంటాను. ఆగస్టులో ఒక పుట్టినరోజు కేకు కోసం వెళ్తే ఆ దుకాణంలో మూడు రకాల డబ్బాలు పెట్టారు. ఒకదాని మీద పెరూ, ఒకదాని మీద చిలీ, మూడోదాని మీద అరకు అని ఉంది. అన్నీ 125 గ్రాములవే. పెరూ డబ్బా 300 రూపాయలు, చిలీది 450. చిలీ పండు పెద్దదనీ, తియ్యనిదనీ, నిన్ననే విమానంలో దిగిందనీ అమ్మే మనిషి గట్టిగా చెప్పాడు. ఏ ప్రాంతపు పండు కేకుకు బాగుంటుందో పక్కపక్కన పెట్టి రుచి చూద్దామని మూడూ తెచ్చాను.

పెరూ పండుకూ చిలీ పండుకూ పరిమాణంలో, తొక్క మందంలో, రుచిలో వెంట్రుకవాసి తేడా లేదు. ఫ్రిజ్ నుంచి తీసిన చిలీ డబ్బా చెమ్మగిల్లి స్టిక్కర్ అంచు లేచింది. మెల్లగా ఊడదీస్తే దాని కింద పెరూ ఉత్పత్తి అని ఇంగ్లీషులో స్పష్టంగా ముద్రించి ఉంది. పక్కనే ముంబయి వైపు దిగుమతిదారు చిరునామా, ప్యాకింగు తేదీ ఉన్నాయి. ఆ తేదీకి నెల దాటిపోయింది. నిన్న విమానం దిగిన పండు కథ అక్కడితో తేలిపోయింది. అరకు డబ్బా మీద చిరునామా, తేదీ ఏవీ లేవు. ఏ ఊరి రైతు పండించాడో చెప్పమంటే మాట దాటేశారు.

స్టిక్కర్ ఊడకపోయినా ఈ మోసాన్ని పట్టుకోవచ్చు. అందుకు పంట కాలం తెలిస్తే చాలు. చిలీ భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న దేశం. సుమారు జూన్ నుంచి ఆగస్టు దాకా వాళ్లకు చలికాలం. అక్కడ బ్లూబెర్రీ కోత సుమారు అక్టోబరు, నవంబరుల్లో మొదలై, డిసెంబరు, జనవరుల్లో ముమ్మరమై, మార్చి, ఏప్రిల్ నాటికి ముగుస్తుంది. ఆగస్టులో ఆ తోటలు చలికి ఆకు రాల్చి నిద్రపోతుంటాయి. శీతల గిడ్డంగిలో ఎంత జాగ్రత్తగా పెట్టినా ఏప్రిల్ పండు ఆగస్టుకు తాజాగా మిగలదు. సువర్ణరేఖ మామిడిని డిసెంబరులో బుట్టలో పెట్టి అమ్మితే మన జిల్లాలో చిన్నపిల్లలు కూడా నమ్మరు. బ్లూబెర్రీ మన నేల మీద పుట్టింది కాకపోవడంతో దాని కాలం మనకు తెలియదు. ఆ తెలియనితనాన్నే వీళ్లు 150 రూపాయలకు అమ్ముకుంటున్నారు.

ఆగస్టులో నిజంగా రాగలిగేవి వేరే ఉన్నాయి. పెరూలో కోత సుమారు జులై, ఆగస్టుల్లో ఊపందుకుని సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఉద్ధృతంగా సాగుతుంది. ఆండీస్ కొండల నుంచి దిగే నదుల నీటిని కాలువల ద్వారా తీరంలోని ఎడారికి మళ్లించి అక్కడ తోటలు పెంచుతున్నారు. అక్కడ గడ్డకట్టే చలి ఉండదు. చలి ఎక్కువ అవసరంలేని రకాలను నాటి, కొమ్మల కత్తిరింపుతో కోత సమయాన్ని తమకు అనుకూలంగా జరుపుకుంటారు. అందుకే కొద్ది ఏళ్లలోనే చిలీని దాటి తాజా బ్లూబెర్రీల ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానానికి చేరారు. అమెరికాలో ఓరెగన్, వాషింగ్టన్, మిషిగన్ రాష్ట్రాల పంట కూడా జులై, ఆగస్టుల్లోనే వస్తుంది. 2023లో అమెరికాతో వాణిజ్య వివాదాలు పరిష్కరించుకున్నప్పుడు బ్లూబెర్రీల మీద దిగుమతి సుంకం తగ్గించడానికి మన దేశం ఒప్పుకొంది కూడా. మొరాకో, స్పెయిన్ పండ్లది శీతకాలం చివరి నుంచి వేసవి మొదలు దాకా నడిచే కాలం. ఈ లెక్కకు పొంతన లేని పేరు డబ్బా మీద కనిపిస్తే కారణం అడగండి.

ఇక రుచి సంగతి. ఏ దేశపు పండు మంచిదని అడిగితే నా జవాబు ఒక్కటే: దేశం పేరుకు అదనంగా డబ్బు పెట్టకండి. రుచిని నిర్ణయించేవి రకం, కోసిన దశ, ప్రయాణంలో అందిన చల్లదనం. పెరూలో మొదట ఎక్కువగా నాటిన బిలాక్సీ పండు చిన్నది, కొత్త రకాల్లో పెద్దవి వచ్చాయి. చిలీ దక్షిణ భాగంలో నిజమైన చలికాలం ఉంటుంది కనుక డ్యూక్, లెగసీ వంటి రకాలు పండుతాయి. జనవరిలో దొరికే అసలైన చిలీ పండులో పులుపూ తీపీ కలిసిన రుచి నాకు ఎంతో ఇష్టం. అది ఆగస్టులో దొరుకుతుందని చెప్పేవాళ్ల మీద నా కోపం అందుకే.

కోసిన తరువాత బ్లూబెర్రీలో తీపి పెరగదు. నాలుగు రోజులు ఉంచితే తియ్యనవుతుందని దుకాణంలో చెప్పిన మాట కూడా అబద్ధమే. తొడిమ ఊడిన చోట చుట్టూ ఎర్రటి వలయం కనిపిస్తే పచ్చిగా కోశారని అర్థం. పండు మీద బూడిద రంగు పొడిలాంటి పూత ఉండాలి. అది పండు తనకు తాను పట్టించుకున్న సహజమైన మైనం, మందు కాదు. ఆ పూత పూర్తిగా చెరిగి, పండు నల్లగా మెరుస్తుంటే చేతులు ఎక్కువసార్లు పడ్డాయని, అంటే బహుశా డబ్బా మార్చారని అనుమానించండి. నేను తెచ్చిన అరకు డబ్బాలో పండ్లన్నీ అలాగే ఉన్నాయి.

డబ్బాను చేతిలోకి తీసుకుని మెల్లగా వంచి చూడండి. పండ్లు విడివిడిగా దొర్లాలి. ముద్దగా కదిలితే ఎక్కడో పండు చితికి రసం కారింది. అడుగున పరిచిన కాగితం ఊదా రంగుకు తిరిగిందేమో కింది నుంచి చూడండి. నా చిలీ డబ్బాలో పై వరస నిగనిగలాడింది, అడుగున మాత్రం బూడిద రంగు బూజు పట్టి ఉంది. ఈ పండును సున్నా డిగ్రీల దగ్గర నిలవ ఉంచాలి. ఓడలో వారాల తరబడి చల్లగా వచ్చిన సరుకును ఇక్కడ ఆగస్టు ఉక్కలో అరల మీద పెడితే, దాని మీద నీటి చెమ్మ చేరి బూజు మొదలవుతుంది. ఫ్రిజ్‌లో ఉంచిన డబ్బానే తీసుకోండి, ఇంటికి చేరగానే మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టండి, తినబోయే ముందే కడగండి. కేకు పిండిలో కలపడానికే అయితే వివరాలు సరిగ్గా ఉన్న గడ్డకట్టించిన పండ్లు ఇలాంటి తాజా పండ్ల కన్నా ఎంతో మేలు.

తిరిగి ఇస్తామంటే దుకాణం వారు ఒప్పుకోలేదు. పండ్లకు వాపసు లేదన్నారు. స్టిక్కర్ పైనుంచే అలా వచ్చిందన్నారు. ఆ పైవారెవరో చెప్పలేదు. ప్యాక్ చేసిన దిగుమతి సరుకు మీద పండించిన దేశం, దిగుమతిదారు పేరు, చిరునామా, బరువు, గరిష్ఠ ధర ఉండాలని 2011 నాటి తూనికలు, కొలతల ప్యాకేజీ నిబంధనలు చెబుతున్నాయి. ముద్రించిన వివరాలను మార్చడానికి విడిగా స్టిక్కర్ అతికించడాన్ని అవే నిబంధనలు ఒప్పుకోవు. ధర తగ్గించడానికి అతికించవచ్చు, అదీ పాత ధర కనిపించేలా. కనుక ఇది వాపసు గొడవతో తేలే విషయం కాదు.

జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేసి తెలుగులోనే ఫిర్యాదు నమోదు చేయించాను. జిల్లా తూనికలు, కొలతల అధికారులకు కూడా రాసి ఇచ్చాను. మీకూ ఇలాంటి డబ్బా వచ్చి ఉంటే పారేయకండి. స్టిక్కర్ ఊడదీయకముందు ఒకటి, ఊడదీశాక ఒకటి ఫొటోలు తీసి, బిల్లు జత చేసి, అదే నంబరుకు ఫిర్యాదు చేయండి. బిల్లు మీద కేవలం పండ్లు అని రాసి ఇస్తే ఊరుకోకుండా, బ్లూబెర్రీ అనీ, ఏ దేశానిదో కూడా రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోని చోట కొనకండి.