కొండల్లో తొలి మంచు చెబుతామని డబ్బు తీసుకునే ఆ యాప్ జోలికి వెళ్లకండి

సీజన్ మొదలవుతోంది కదా అని ఆ కొండల వాతావరణం యాప్‌కి ఏడాది సబ్‌స్క్రిప్షన్ కట్టబోతున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. పేరు రాయను. "మీ కొండకి, మీరు టెంట్ వేసే చోటికి, గంట గంటకీ లెక్క" అని ప్రకటన ఇచ్చేది ఏదో కొండలెక్కే అలవాటున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. నిన్న రాత్రే వాళ్లతో నా ఆఖరి మెయిల్ అయిపోయింది, ఆ కోపం ఇంకా దిగలేదు, కాబట్టి రాత కాస్త అటూ ఇటూగా ఉంటుంది.

జరిగింది త్వరగా చెప్పేస్తాను. బంధువులం, స్నేహితులం కలిసి సీజన్ మొదట్లో కొండ మీద లోయలో ఒక రాత్రి టెంట్లు వేసుకుని ఉండాలనుకున్నాం. మంచు పడుతుందంటే వెళ్దాం, వాన అంటే మానేద్దాం అని ముందే అనుకున్నాం. కొత్తవాళ్లకి ఇది తిరగేసి చెప్పినట్టు అనిపిస్తుంది కానీ కొండల్లో చలికాలం మొదట్లో భయపడాల్సింది మంచుకి కాదు, వానకి. బట్టల మీద పడ్డ పొడి మంచుని దులిపేయొచ్చు. ఒకటి రెండు డిగ్రీల చలిలో పడే వాన మాత్రం బట్టల్లోకి ఇంకి ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఈకలు కూరిన డౌన్ జాకెట్లు, స్లీపింగ్ బ్యాగులు తడిస్తే లోపలి ఈకలు ఉండ కట్టేస్తాయి, ఇక వెచ్చదనం ఉండదు. అందుకే ఆ సర్వీసు దగ్గర మాకు కావాల్సిన జవాబు ఒక్కటే: పడేది వానా, మంచా?

బయల్దేరే ముందు సాయంత్రం దాకా యాప్ ఒకటే చెప్పింది. రాత్రంతా మంచు, 18 సెంటీమీటర్లు, వాన సున్నా. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి మా గ్రూపులో పెట్టాను. అందరూ దానికి తగ్గట్టే సర్దుకున్నారు.

పడింది వాన. చీకటి పడ్డప్పటి నుంచి సన్నగా, ఆగకుండా, తెల్లవారేదాకా వానే. అర్ధరాత్రి దాటాక మా పిన్ని కొడుకు వణుకుతూ మాట ముద్దగా రావడం మొదలైంది. ఒళ్లు చల్లబడిపోతోందనడానికి అది గుర్తని మాలో ఒకరికి తెలుసు కాబట్టి వెంటనే తడి బట్టలు మార్పించి, పొడిగా మిగిలిన ఒకే ఒక్క బ్యాగులో పడుకోబెట్టి, తాగడానికి వేడిగా ఇచ్చాం. తెల్లారాక నెమ్మదిగా కిందికి దింపాం. ఇప్పుడు బాగున్నాడు. వాడికి ఏమన్నా అయ్యుంటే నేను ఈ పోస్ట్ రాసే స్థితిలో ఉండేదాన్ని కాదు, పిన్నికి ఏం చెప్పేదాన్నో కూడా తెలియదు.

ఒక మాట ముందే చెప్పాలి. అంచనా తప్పిందని నా గొడవ కాదు. సీజన్ మొదట్లో కొండల్లో వానా మంచా అని చెప్పడం వాతావరణ శాస్త్రంలోనే కష్టమైన పనుల్లో ఒకటి. నడి చలికాలంలో అంతా సున్నాకి బాగా కిందనే ఉంటుంది, ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా మంచు మంచుగానే పడుతుంది. మొదట్లో అలా కాదు, ఉష్ణోగ్రత సున్నా చుట్టూనే తిరుగుతుంటుంది, ఒక్క డిగ్రీ తేడాతో మొత్తం కథ మారిపోతుంది. పైన మేఘంలో పుట్టేది చాలాసార్లు మంచే. అది కిందికి వస్తూ సున్నా డిగ్రీల ఎత్తు దాటాక కరగడం మొదలెట్టి, మామూలుగా మరో రెండు మూడు వందల మీటర్లు దిగేసరికి వాన అయిపోతుంది. మంచు వానగా మారే ఆ ఎత్తు, అంటే మంచు గీత, కూడా ఒకచోట నిలవదు. వాన జోరుగా పడితే కరుగుతున్న మంచు చుట్టూ గాలిలోని వేడిని పీల్చేస్తుంది కాబట్టి గాలి చల్లబడి గీత కిందికి దిగుతుంది, సన్నగా పడితే పైనే ఉండిపోతుంది. గాలి పొడిగా ఉంటే రెండు మూడు డిగ్రీల్లో కూడా మంచు పడొచ్చు, ఎందుకంటే రాలుతున్న తేమ ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది. అందుకే తెలిసినవాళ్లు మామూలు ఉష్ణోగ్రతతో ఆగకుండా తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపించే లెక్క, వెట్ బల్బ్ ఉష్ణోగ్రత, అది కూడా చూస్తారు. పైగా గాలి కొండని ఏ వైపు నుంచి ఎక్కుతోందన్నది ఒకటి. గాలి ఎదురుగా కొట్టే వైపు మేఘం పైకి లేచి కుమ్మరిస్తుంది, అవతలి వైపు పొడిగా ఉండిపోవచ్చు. ఇన్ని విషయాలున్న చోట తప్పు జరుగుతుంది, ఎవరికైనా జరుగుతుంది. "ఇది మంచు గీతకి దగ్గరగా ఉంది, వాన పడే అవకాశం కూడా ఉంది" అని ఒక్క వాక్యం రాసి ఉంటే మేం వెళ్లేవాళ్లమే కాదు, అయినా నేను వాళ్లని ఒక్క మాట అనేదాన్ని కాదు.

కోపం వచ్చింది ఆ తర్వాత జరిగినదానికి.

ఇంటికి వచ్చాక వాళ్లకి రాద్దామని యాప్ తెరిచాను. అందులో "గత అంచనాలు" అని ఒక పేజీ ఉంటుంది, తేదీ నొక్కితే ఆ రోజుకి వాళ్లు ముందురోజు ఏం చెప్పారో చూపిస్తుంది. మా రాత్రి నొక్కాను. "వాన, 18 మిల్లీమీటర్లు." పైన స్పష్టంగా "ముందురోజు సాయంత్రం ఇచ్చిన అంచనా" అని రాసి ఉంది. మంచు మాటే లేదు. అదే తేదీ, అదే చోటు, అదే సాయంత్రం, నా ఫోన్‌లో స్క్రీన్‌షాట్‌లో మాత్రం మంచు 18 సెంటీమీటర్లు, వాన సున్నా. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తుంటే నా చేతులు వణికాయి. జరిగిపోయాక వచ్చిన లెక్కని తెచ్చి ముందే చెప్పినట్టు పెట్టుకున్నారు! ఆ పేజీ చూపించే కదా "మా అంచనాలు ఎంత ఖచ్చితమో మీరే చూసుకోండి" అని ప్రచారం చేసుకునేది. నేను డబ్బు కట్టిందీ ఆ పేజీ చూసే.

సపోర్ట్‌కి రెండు ఫొటోలూ పంపాను. మర్యాదగానే రాశాను, మా పిన్ని కొడుకు సంగతి కూడా రాశాను. మొదటి జవాబు "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని. మళ్లీ రాశాను. రెండో జవాబు ఇది, ఉన్నదున్నట్టు పెడుతున్నాను: "మా రికార్డు ప్రకారం ఆ రాత్రికి వాన అనే చెప్పాం. మీ ఫోన్‌లో ఉన్న ఫొటో ఎక్కడిదో మేం చెప్పలేం." అంటే ఫొటో నేను తయారు చేశానని. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిందని రాస్తే, నువ్వు దొంగ ఫొటో పెట్టావని! నాతో పాటు అదే రోజు అదే తెర చూసినవాళ్లు మా గ్రూపులో ఉన్నారు, వాళ్లూ తీసిన ఫొటోలు పంపించాను. అప్పుడు మాట మార్చారు. "పైన పడింది మంచే, మీ దగ్గరికి చేరేలోపు కరిగింది, కాబట్టి అంచనా తప్పు అనలేం. కొండల్లోకి వెళ్లేవాళ్లకి వాతావరణం మారుతుందని తెలిసి ఉండాలి." ఆ వెంటనే ఫిర్యాదుని "పరిష్కారమైంది" అని మూసేశారు. పైన మేఘంలో ఏం పడుతోందో తెలుసుకోవడానికి ఎవరూ డబ్బు కట్టరండీ, నేను నిలబడే చోట ఏం పడుతుందో చెబుతామన్నారనే కట్టాను. ఆ ఆఖరి వాక్యం ఎన్నిసార్లు చదివినా ఒళ్లు మండుతోంది. వాతావరణం మారుతుందని నాకు తెలుసు. మీరు రికార్డు మారుస్తారనే తెలియదు.

ఆ తర్వాత కూర్చుని వాళ్ల లెక్కలు తవ్వాను. చదివినకొద్దీ మతిపోయింది.

మొదటిది ఎత్తు. యాప్‌లో మా టెంట్ల చోటు మీద నొక్కితే చిన్న అక్షరాల్లో ఒక ఎత్తు కనిపిస్తుంది, అది అసలు ఎత్తు కంటే దాదాపు 400 మీటర్లు ఎక్కువ. ఎందుకంటే వాళ్లు వాడేది ప్రపంచమంతటికీ కలిపి నడిపే పెద్ద మోడల్, అంటే వాతావరణాన్ని లెక్కకట్టే కంప్యూటర్ ప్రోగ్రాం. అలాంటివి భూమిని గళ్లుగా విడగొడతాయి, అమెరికా ప్రభుత్వ మోడల్ జీఎఫ్ఎస్‌లో ఒక్కో గడి సుమారు 13 కిలోమీటర్లు, యూరప్ దేశాల ఉమ్మడి వాతావరణ సంస్థ యూరోపియన్ సెంటర్‌వాళ్ల మోడల్‌లో సుమారు 9 కిలోమీటర్లు. అంత గడిలో శిఖరమూ లోయా కలిసిపోయి ఒకటే సగటు ఎత్తు మిగులుతుంది, శిఖరం పొట్టిదవుతుంది, లోయ పైకి లేస్తుంది. మేం ఉన్నది ఇరుకు లోయ. గాలి సగటున ప్రతి 1000 మీటర్లకి 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది కాబట్టి 400 మీటర్లంటే 2.6 డిగ్రీలు. యాప్ ఆ రాత్రికి సున్నాకి ఒక డిగ్రీ కింద అని చూపించింది. ఆ తేడా కలిపితే ఒకటిన్నర పైన. మా జేబు థర్మామీటర్ కూడా రాత్రంతా దాదాపు అదే చూపించింది. ఎత్తు తేడాని సరిచేయడం ఈ పనిలో ఓనమాలు, పక్కా లెక్క కాకపోయినా కనీసం అది చేస్తారు. "మీరు టెంట్ వేసే చోటికి" అని డబ్బు తీసుకుని అది కూడా చెయ్యలేదు.

రెండోది మంచు లోతు. కొన్ని వారాల అంచనాలు తిరగేసి చూశాను, ఏ రోజు చూసినా నీళ్లు ఎన్ని మిల్లీమీటర్లో మంచు అన్నే సెంటీమీటర్లు. 4కి 4, 11కి 11, 18కి 18. ఒక వంతు నీటికి పది వంతుల మంచు అనే పాత మొరటు లెక్క అది, దానితోనే గుణించి పడేస్తున్నారు. సీజన్ మొదట్లో పడేది ఎక్కువగా తడి మంచు, పదికి బదులు ఐదారు వంతులే రావచ్చు, బాగా చలిగా ఉన్నప్పుడు పడే పొడి మంచైతే పదిహేను దాటొచ్చు. పైగా ఎండాకాలం వేడి నేలలో ఇంకా మిగిలే ఉంటుంది కాబట్టి మొదట పడ్డది పడ్డట్టే కరిగిపోతుంది. వీటిలో ఏదీ వాళ్ల లెక్కలో లేదు.

మూడోది చెబితే మీకూ మండుతుంది. జీఎఫ్ఎస్ లెక్కలు ఎవరికైనా ఉచితం, రోజుకి నాలుగుసార్లు కొత్తవి వస్తాయి. మా చోటుకి వాటిని పెట్టి చూశాను, ఉష్ణోగ్రత, వాన, గాలి అన్నీ ఆ యాప్‌తో అంకె అంకెకీ సరిపోయాయి. ఊరికే దొరికేదాన్ని పైన అందమైన రంగులు పూసి "మా సొంత పరిశోధన" అని అమ్ముతున్నారు.

రీఫండ్ ఇవ్వం అన్నారు. నిబంధనల్లో "సమాచారం కోసం మాత్రమే" అని ఉందట.

డబ్బు సంగతి వదిలేశాను. నాకు బాధేంటంటే ఇప్పుడు ఆ గత అంచనాల పేజీ చూసి నమ్మి, పిల్లల్ని తీసుకుని పైకి వెళ్లేవాళ్లు ఉంటారు. వాళ్లకి ఆ పేజీ కట్టుకథని ఎవరో ఒకరు చెప్పాలి కదా.

మీరు ఏ సర్వీసు కొన్నా సరే, కట్టే ముందు అది ఏ ఎత్తుకి లెక్క కడుతోందో చూసి మ్యాపులో అసలు ఎత్తుతో పోల్చుకోండి. సున్నా డిగ్రీల ఎత్తు ఎంతో చూపించకపోతే కొండలకి అది పనికిరాదు. ఒకే అంకె చెప్పేదాన్ని పక్కన పెట్టండి, యూరోపియన్ సెంటర్‌వాళ్లే కొద్ది కొద్ది తేడాలతో 51 సార్లు మోడల్ నడిపి ఎంత తేడా వస్తుందో చూస్తారు, అలాంటి అవకాశాల శాతం చూపించేది వెతకండి. మీ ప్రాంతపు ప్రభుత్వ వాతావరణ శాఖ హెచ్చరికలు ఉచితం, ముందు అవి చదవండి. అంచనా మంచు అన్నా సరే, సున్నాకి దగ్గరగా ఉంటే వానకి కూడా సర్దుకోండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ఈరోజు నుంచే వాళ్ల అంచనాలని రోజూ సాయంత్రం ఫొటో తీసి దాచండి, తేదీ, సమయం కనబడేలా. మరుసటి రోజు గత అంచనాల పేజీతో పోల్చి తేడా ఉంటే ఇక్కడ కింద పెట్టండి, అందరివీ కలిపి వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేద్దాం. ఆటో రెన్యూవల్ కూడా ఆపేయండి. అది యాప్ సెట్టింగ్స్‌లో ఉండదు, ఫోన్ యాప్ స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్స్ లోపలికి వెళ్లి ఆపాలి.