సి డ్రైవ్ నిండినప్పుడు గేమ్ సేవ్‌లు తరలించడానికి లింక్ షెల్ ఎక్స్‌టెన్షన్: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి అక్కర్లేదు

256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్‌లో విండోస్‌తో పాటు ఒకటిరెండు పెద్ద గేములు పెట్టేసరికి సి డ్రైవ్ గీత ఎర్రబడుతుంది. గేమును డి డ్రైవ్‌కి మార్చే దారి స్టీమ్‌లోనే ఉంది: సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిచి, గేముకు టిక్ పెట్టి, మూవ్ నొక్కాలి. సేవ్‌లకు, అంటే ఆట ఎంతవరకు వచ్చిందో దాచే ఫైళ్లకు, ఆ వీలు లేదు. గేము ఏ డ్రైవ్‌లో ఉన్నా, దాన్ని తయారుచేసినవాళ్లు ఏ చోటు పెట్టారో సేవ్ అక్కడికే పోతుంది. ఆ చోటు చాలావరకు సి లోనే ఉంటుంది: డాక్యుమెంట్స్‌లోని మై గేమ్స్, సేవ్డ్ గేమ్స్ ఫోల్డర్, లేదా మామూలుగా కంటికి కనపడని యాప్‌డేటా. ఫోల్డర్‌ని డి కి మార్చి, పాత చోట దానికి ఒక దారి వదిలేయడమే ఉపాయం. హెర్మన్ షినాగ్ల్ తయారుచేసిన ఉచిత ప్రోగ్రామ్ లింక్ షెల్ ఎక్స్‌టెన్షన్ ఈ పనిని కమాండ్లు టైప్ చేయక్కర్లేకుండా రైట్ క్లిక్‌తో చేసిపెడుతుంది.

ఇన్‌స్టాల్ చేసే ముందు ఒక్క సంగతి చూసుకోండి. విజ్‌ట్రీ అనే ప్రోగ్రామ్‌తో సి డ్రైవ్‌ని స్కాన్ చేస్తే ఏ ఫోల్డర్ ఎంత తింటోందో కొన్ని సెకన్లలో తేలిపోతుంది. ఎల్డెన్ రింగ్ సేవ్ ఫైలు ముప్పై ఎంబీ లోపే. స్టార్డ్యూ వ్యాలీ అంతకన్నా చిన్నది. అలాంటివి తరలిస్తే శ్రమే తప్ప జాగా రాదు. బల్డర్స్ గేట్ 3 వేరే సంగతి: ఒక్కో సేవ్ కొన్ని ఎంబీలు ఉంటుంది, క్విక్ సేవ్‌లూ ఆటో సేవ్‌లూ పోగుపడి, రెండు మూడు కథలు ఆడేసరికి జీబీలకు చేరుతుంది. మైన్‌క్రాఫ్ట్ ప్రపంచాలు తిరిగినకొద్దీ పెరుగుతూనే ఉంటాయి. ఇక సిమ్స్ 4 మోడ్స్ (గేముకు బయటి నుంచి తెచ్చి చేర్చుకునేవి) ఫోల్డర్ ఉన్నది కూడా డాక్యుమెంట్స్‌లోనే, దాని ఆకలికి అంతుండదు. ఈ మూడింటిలాంటి గేములున్నవాళ్లకే ఈ ప్రోగ్రామ్. ఆ మాటకొస్తే బల్డర్స్ గేట్ 3 గేముకే 150 జీబీ కావాలని తయారీదారులు చెబుతారు. అది ఇంకా సి లోనే ఉంటే ముందు దాన్ని కదపండి.

పనిచేసే తీరు తేలికే. పాత చోట 'జంక్షన్' అనే లింకు పడుతుంది. ఇల్లు మారినవాళ్లు పోస్టాఫీసులో చెప్పి ఉత్తరాలు కొత్త చిరునామాకు మళ్లించుకున్నట్టు, గేము పాత దారినే రాస్తుంది, విండోస్ దాన్ని డి కి చేరుస్తుంది. విండోస్‌లో ఉన్న ఎమ్‌కేలింక్ కమాండ్ చేసేదీ ఇదే. ఫలితంలో తేడా లేదు. కానీ ఖాళీలున్న పొడుగాటి దారులు టైప్ చేసేటప్పుడు కోట్స్ మరిచిపోవడం, లింకునీ గమ్యాన్నీ తారుమారు చేయడం ఆ కమాండ్‌తో రోజూ జరిగేవే.

బల్డర్స్ గేట్ 3 నే ఉదాహరణగా తీసుకుందాం. గేము మూసేయండి. స్టీమ్‌లో గేము ప్రాపర్టీస్‌కి వెళ్లి జనరల్ కింద ఉన్న, సేవ్‌లని ఆన్‌లైన్‌లో దాచే స్టీమ్ క్లౌడ్‌ని కాసేపు ఆపండి. లేదంటే ఫోల్డర్ సగం కదిలిన సమయంలో క్లౌడ్ వేలు పెట్టే ప్రమాదం ఉంది. తర్వాత యాప్‌డేటాలోని లోకల్‌లో, లేరియన్ స్టూడియోస్ కింద ఉన్న 'బల్డర్స్ గేట్ 3' ఫోల్డర్‌ని డి లో 'సేవ్‌లు' అనే ఫోల్డర్ చేసి అందులోకి కాపీ చేయండి. కట్ వద్దు, కాపీనే. పాతదాన్ని డిలీట్ చేయకుండా పేరు చివర 'పాత' అని చేర్చండి. ఇప్పుడు డి లోని కాపీ మీద రైట్ క్లిక్ చేసి 'పిక్ లింక్ సోర్స్' నొక్కండి. లేరియన్ స్టూడియోస్ ఫోల్డర్‌కి తిరిగొచ్చి, ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి, 'డ్రాప్ యాజ్' లో 'జంక్షన్' ఎంచుకోండి. విండోస్ 11 లో ఈ మెనూ కనపడకపోతే 'షో మోర్ ఆప్షన్స్' కింద ఉంటుంది. ఇదొక అదనపు క్లిక్, విసుగే.

పడిన లింకు పేరు పాత ఫోల్డర్ పేరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. తేడా ఉంటే ఎఫ్2 నొక్కి సరిచేయండి. గేము తెరిచి పాత సేవ్ లోడ్ చేసి, కొత్తది ఒకటి సేవ్ చేసి, డి లోని ఫోల్డర్‌లో ఇప్పటి సమయంతో ఫైలు పడిందో లేదో చూడండి. పడితే క్లౌడ్ తిరిగి ఆన్ చేసి, 'పాత' ఫోల్డర్ తీసేయొచ్చు. రీసైకిల్ బిన్ ఖాళీ చేసేదాకా సి లో జాగా రాదు.

మామూలుగా ఎదురయ్యే తప్పులు కొన్నే. పాత ఫోల్డర్ పేరు మార్చకుండా దాని లోపలికి వెళ్లి లింకు వేస్తే, ఫోల్డర్‌లో అదే పేరుతో ఇంకో ఫోల్డర్ తయారవుతుంది, గేము మాత్రం పాతదానిలోనే రాస్తుంటుంది. ఫోల్డర్‌కి బదులు ఒక్క సేవ్ ఫైలుకే లింకు వేయడం అంతకన్నా చెడ్డది. చాలా గేములు ముందు తాత్కాలిక ఫైలు రాసి, దానికి అసలు పేరు పెడతాయి. ఆ దెబ్బకు లింకు పోయి, సి లో మామూలు ఫైలు కూర్చుంటుంది. జంక్షన్ పడే డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ మామూలుగా వాడే డిస్క్ ఫార్మాట్) అయి ఉండాలి. సి ఎలాగూ అంతే. నెట్‌వర్క్ డ్రైవ్‌కి జంక్షన్ కుదరదు.

యూఎస్‌బీ హార్డ్‌డిస్క్‌కి సేవ్‌లు పంపాలనుకునేవాళ్లకు ఒకటే మాట: వద్దు. డిస్క్ పీకేసి గేము తెరిస్తే లింకుకు గమ్యమే ఉండదు; గేము ఎర్రర్ ఇస్తుంది, లేదా సేవ్‌లే లేవంటుంది, ఆపై క్లౌడ్‌తో గొడవ మొదలవుతుంది. డ్రైవ్ అక్షరం ఈ నుంచి ఎఫ్ కి మారినా ఇదే కథ. అప్పుడు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పాత అక్షరం తిరిగి ఇస్తే సరిపోతుంది. లోపలి హార్డ్‌డిస్క్ అయితే సేవ్‌లకు వేగం సమస్య కాదు. మైన్‌క్రాఫ్ట్ ఒక్కటి మినహాయింపు: ఆడుతున్నంతసేపూ ప్రపంచాన్ని డిస్క్ నుంచి చదువుతుంది కాబట్టి పాత హార్డ్‌డిస్క్ మీద కుదుపులు రావచ్చు. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌కైతే అసలు లింకే అక్కర్లేదు, లాంచర్‌లోని ఇన్‌స్టాలేషన్స్‌లో గేమ్ డైరెక్టరీ మార్చుకునే వీలుంది.

డాక్యుమెంట్స్ వన్‌డ్రైవ్ కింద ఉంటే అందులో జంక్షన్ పెట్టొద్దు, సింక్ తికమక పడుతుంది. ముందు వన్‌డ్రైవ్ బ్యాకప్‌లోంచి డాక్యుమెంట్స్‌ని తప్పించి, దాని ప్రాపర్టీస్‌లోని లొకేషన్ ట్యాబ్‌తో మొత్తం ఫోల్డర్‌నే డి కి మార్చడం శుభ్రమైన పని. సేవ్డ్ గేమ్స్ ఫోల్డర్‌కీ ఆ ట్యాబ్ ఉంది. సేవ్‌లన్నీ ఈ రెండు చోట్లే ఉన్నవాళ్లకు ఈ ప్రోగ్రామ్‌తో పనే లేదు. గేమ్ పాస్ సేవ్‌ల జోలికి అసలు వెళ్లకండి.

ఈ ప్రోగ్రామ్‌లో నిజంగా మెచ్చుకోవలసింది లింకు వేయడం కాదు, వేసిన లింకుని చూపించడం. జంక్షన్ ఫోల్డర్ మీద చిన్న గొలుసు గుర్తు పడుతుంది, ప్రాపర్టీస్ తెరిస్తే అది ఎక్కడికి పోతుందో రాసి ఉంటుంది. ఏడాది తర్వాత ఏది అసలు ఫోల్డరో ఏది లింకో గుర్తుపట్టడానికి ఇదే ఆధారం. కొరత ఏమిటంటే, తరలించడం, లింకు వేయడం ఒకే క్లిక్‌లో కావు. కాపీ పని మీదే. ఏ గేము సేవ్ ఎక్కడుందో కూడా ఇది చెప్పదు. అది తెలిసిన గేమ్‌సేవ్ మేనేజర్ ఉచితమే, లింకులూ వేస్తుంది, కానీ దాని జాబితాలో లేని గేముకు మళ్లీ చేత్తోనే చేయాలి. బ్యాకప్ మాత్రం విడిగా చూసుకోవాలి: కొన్ని బ్యాకప్ ప్రోగ్రాములు జంక్షన్ దాటి లోపలికి వెళ్లవు, కాబట్టి డి లోని 'సేవ్‌లు' ఫోల్డర్‌ని నేరుగా వాటి జాబితాలో చేర్చండి.