ఊగే కడ్డీతో గోల్ఫ్ స్వింగ్: చాలాకాలం వాడాక నా సమీక్ష

చిత్తూరులో ఉండి గోల్ఫ్ ఆడేవాళ్లకు అసలు కష్టం ప్రాక్టీసే. మంచి కోర్సు (గోల్ఫ్ మైదానం) కావాలంటే పలమనేరు, ముళబాగిలు, కోలారు దాటుకుని బెంగళూరు పోవాలి. ఆదివారం దాకా స్వింగ్ (క్లబ్ అంటే గోల్ఫ్ కర్ర ఊపడం) అలవాటు తప్పకూడదని కొన్నాను ఈ స్వింగ్ ట్రైనర్. బాగా వంగే షాఫ్ట్ (కడ్డీ), చివర బరువైన బంతి, పట్టుకునే వైపు ఇంకో చిన్న బరువు. దీంతో బంతిని కొట్టకూడదు, ఊపడమే. పొద్దున్నే మా మామిడి తోపులో కాసేపు ఊపుతుంటాను.

బలవంతం చేస్తే ఇది అక్కడికక్కడే పట్టిస్తుంది. బ్యాక్‌స్వింగ్ (వెనక్కి ఎత్తే ఊపు) పూర్తయ్యే చోట షాఫ్ట్ వంగి, చివరి బంతి ఇంకా వెనక్కే పోతూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే భుజాలతో కిందికి లాగితే షాఫ్ట్ మధ్యలో ఒక కుదుపు వస్తుంది, కాళ్ల కింద నిలకడ పోతుంది. ఉయ్యాల ఇంకా మన వైపు వస్తుండగానే తోసేసినట్టు ఉంటుంది. మా తమ్ముడి కొడుకు క్రికెట్‌లో సిక్సర్లు బాదే రకం. వాడి చేతికిస్తే రెండు ఊపులకే "ఇదే నన్ను లాగేస్తోంది పెదనాయనా" అన్నాడు. ఒంటి బరువు ఎడమ కాలి మీదికి మారి, నడుము తిరగడం మొదలయ్యాక చేతుల్ని దిగనిస్తే ఆ కుదుపు ఉండదు. చెవితోనూ తెలుసుకోవచ్చు. బలంగా లాగితే గాలి చీల్చే చప్పుడు కుడి భుజం దగ్గరే అయిపోతుంది. సాఫీగా వదిలితే గోల్ఫ్ బంతి ఉండాల్సిన చోట, అది దాటాక కూడా గట్టిగా వినిపిస్తుంది. వేగం ఎక్కడ ఖర్చవుతోందో ఇంత తేలిగ్గా చెప్పే వస్తువు నేను ఇంకొకటి చూడలేదు.

గ్రిప్ బిగించి పట్టుకుంటే ముంజేతులు బిగుసుకుంటాయి, మణికట్టు సమయానికి తెరుచుకోదు. పైగా బంతి క్లబ్ ముఖం నడిమికి తగలదు. లెక్క చూడండి. డ్రైవర్‌తో (ఎక్కువ దూరం కొట్టే పొడవాటి క్లబ్) గంటకు 90 మైళ్ల స్వింగ్ నడిమికి తగిలి, బంతి వేగం దానికి 1.48 రెట్లు వస్తే 133 మైళ్లు. 95 మైళ్లతో బాదినా అంచుకు తగిలి 1.38 రెట్లే వస్తే 131. ఒళ్లు హూనం చేసుకుని తక్కువ దూరం కొట్టడం దేనికి? టోక్యో ఒలింపిక్స్‌లో మన బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ డ్రైవర్‌తో తనకంటే చాలా దూరం కొట్టేవాళ్ల మధ్య ఆడి నాలుగో స్థానంలో నిలిచింది. ఒక్క స్ట్రోక్ (దెబ్బ) తేడాతో పతకం పోయింది. ఆ నాలుగు రోజులూ టీవీ ముందు నుంచి లేవలేదు నేను.

సాఫీగా అంటే నీరసంగా అని కాదు. మంచి ఆటగాళ్ల బ్యాక్‌స్వింగ్‌కి పట్టే సమయం డౌన్‌స్వింగ్‌కి (కిందికి దించే ఊపు) పట్టేదానికి దాదాపు మూడింతలు. ఒకటి, రెండు, మూడు అని వెనక్కి, నాలుగుకి బంతి. ట్రైనర్ ఆ లెక్కని ఒంటికి నేర్పుతుంది. నా సెవెన్ ఐరన్ (మధ్య దూరాలకు వాడే క్లబ్) షాట్లు ఇదివరకు ఒక్కోటి ఒక్కో దూరం పోయేవి, ఇప్పుడు దగ్గరదగ్గరగా పడుతున్నాయి. నా అతి పెద్ద షాట్ మాత్రం పొడవు పెరగలేదు. డ్రైవర్ స్లైస్ (బంతి కుడివైపుకి వంగిపోవడం) కూడా పూర్తిగా పోలేదు. క్లబ్ ముఖం తెరుచుకుని వస్తుంటే ఈ కడ్డీ ఏం చేస్తుంది, దానికి కోచ్ కావాల్సిందే.

ఇబ్బందులూ ఉన్నాయి. మే నెల ఎండలకు గ్రిప్ రబ్బరు జిగురుగా తయారవుతుంది, సబ్బునీళ్లతో కడుగుతుండాలి. ఇంట్లో ఊపితే సీలింగ్ ఫ్యాన్‌కి తగులుతుంది, మిద్దె మీద బట్టల దండేలు అడ్డం. ఇది ఊపిన వెంటనే మామూలు క్లబ్ పుల్లలా అనిపించి చెయ్యి తొందరపడుతుంది. అందుకే నాలుగైదు ఊపుల తర్వాత ఐరన్ తీసుకుని రెండు మెల్లగా తిప్పి, ఆ తర్వాతే బంతి దగ్గరికి పోతాను. నడుం నొప్పి ఉన్నవాళ్లు సగం స్వింగ్‌తోనే మొదలుపెట్టాలి. పోటీలో రౌండ్ మొదలయ్యాక దీన్ని ఊపితే గోల్ఫ్ నియమాల్లో రూల్ 4.3 కింద పెనాల్టీ పడుతుంది, కాబట్టి ముందే కారులో పెట్టేయండి.

ధర ఎక్కువే. వారానికి రెండు మూడుసార్లు రేంజ్‌కి (బంతులు కొట్టి ప్రాక్టీసు చేసే చోటు) పోగలిగేవాళ్లకు అంత అవసరం లేదు. మనలా కోర్సుకి దూరంగా ఉన్నవాళ్లు నిశ్చింతగా కొనొచ్చు. పెద్ద సైజు దాదాపు డ్రైవరంత పొడవుంటుంది, పొట్టిగా ఉన్నవాళ్లు, పిల్లలు చిన్న సైజు అడిగి తీసుకోండి.