మామూలు సీఎస్ఈనా, క్లౌడ్ స్పెషలైజేషనా, ద్వారకానగర్ కోచింగా: ఏది మేలు?

మా పిన్ని వాళ్ళది గాజువాక. వాళ్ళ చిన్నోడికి ఈఏపీసెట్‌లో ఓ మాదిరి ర్యాంకు వచ్చింది, ఇంక వెబ్ ఆప్షన్లు పెట్టుకునే టైం దగ్గరపడేసరికి ఇంట్లో రోజూ ఇదే చర్చ. బాబాయ్ అయితే పేరులో క్లౌడ్ (అంటే వేరే కంపెనీ కంప్యూటర్లని ఇంటర్నెట్ మీదుగా అద్దెకి వాడుకోవడం) ఉన్న బ్రాంచే కావాలంటాడు, ఎందుకంటే 2025 అక్టోబర్‌లో గూగుల్ వాళ్ళు వైజాగ్‌లో ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు పెడతామని ప్రకటించిన దగ్గర్నుంచి మన ఊళ్ళో ఎవర్ని కదిపినా డేటా సెంటర్ మాటే. నేను ఎనిమిదేళ్ళుగా క్లౌడ్ సపోర్ట్ పనిలో ఉన్నాను, ఫ్రెషర్లని ఇంటర్వ్యూ కూడా చేస్తుంటాను కాబట్టి నన్ను పిలిచి కూర్చోబెట్టి అడిగారు. ఆ రోజు వాళ్ళకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, ఈ ఏడాది పిల్లల్ని చేర్పించే వాళ్ళకి పనికొస్తుందని.

నా ఓటు మామూలు సీఎస్ఈకే. క్లౌడ్ నేర్చుకోవద్దని కాదు, తప్పకుండా నేర్చుకోవాలి, కానీ అది డిగ్రీ మీద పేరులో ఉండక్కర్లేదు.

ముందు బాబాయ్ పట్టుకున్న డేటా సెంటర్ సంగతి. డేటా సెంటర్ అంటే లోపల వేల సర్వర్లు, వాటికి ఆగకుండా కరెంటు, వాటి వేడి తీసేసే కూలింగ్, బయట నుంచి వచ్చే ఫైబర్ కేబుళ్ళు. ఆ బిల్డింగ్‌లో పనిచేసే వాళ్ళలో యూపీఎస్‌లు, డీజిల్ జనరేటర్లు చూసే ఎలక్ట్రికల్ వాళ్ళు, చిల్లర్లు (చల్లబరిచే మిషన్లు) చూసే మెకానికల్ వాళ్ళు, కేబుళ్ళు రాక్‌లు చూసే నెట్‌వర్క్ వాళ్ళు ఉంటారు. క్లౌడ్ ఇంజనీర్ అనేవాడికి ఆ బిల్డింగ్ ఎక్కడుందన్నది అసలు సంబంధమే లేదు, వైజాగ్ మధురవాడలో కూర్చుని ముంబై రీజియన్‌లో, అంటే అక్కడున్న డేటా సెంటర్ల గుంపులో, సర్వర్ లేపుతాడు. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) వాళ్ళు 2022లోనే హైదరాబాద్‌లో రీజియన్ తెరిచారు, అంతమాత్రాన ఆ సర్వర్లు వాడేవాళ్ళందరూ హైదరాబాద్‌లోనే ఉండాల్సిన పనిలేదు కదా. కాబట్టి తర్లువాడలో గూగుల్ బిల్డింగ్ వస్తోంది కనుక మావాడికి క్లౌడ్ సీటు కావాలి అనుకుంటే ఆ లెక్క తప్పు. ఆ బిల్డింగ్‌లోనే పనిచెయ్యాలని ఉంటే ట్రిపుల్ఈ (ఎలక్ట్రికల్) కూడా మంచి దారే, ఆ మాట ఎవరూ చెప్పట్లేదు.

ఇప్పుడు స్పెషలైజేషన్ సంగతి. సిలబస్ పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి రెండేళ్ళు దాదాపు ఒకటే, మ్యాథ్స్, సీ లాంగ్వేజ్, డేటా స్ట్రక్చర్స్, ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్స్), డీబీఎంఎస్ (డేటాబేస్‌లు) అన్నీ అటూ ఇటూ ఉంటాయి. తేడా అంతా మూడు, నాలుగో సంవత్సరాల్లోనే, వర్చువలైజేషన్, క్లౌడ్ సెక్యూరిటీ, డెవాప్స్ అని కొన్ని సబ్జెక్టులు వచ్చి చేరతాయి. అవి చెడ్డ సబ్జెక్టులేం కాదు. ఇబ్బంది ఎక్కడంటే వాటికి చోటు కావాలి కాబట్టి కొన్ని చోట్ల కంప్యూటర్ నెట్‌వర్క్స్ ల్యాబ్ కుదించేస్తున్నారు, కంపైలర్స్ ఎత్తేస్తున్నారు. పైగా క్లౌడ్ కంపెనీ వెబ్‌సైట్‌లో మనం పనిచేసే కన్సోల్ స్క్రీన్లు ఏడాదికోసారి మారిపోతుంటాయి, పుస్తకంలో అచ్చువేసిన స్క్రీన్‌షాట్లు పిల్లాడు మూడో సంవత్సరానికి వచ్చేసరికే పాతబడిపోతాయి.

ఇంటర్వ్యూలో నేను చూసింది చెప్తా. చాలామంది పిల్లలు క్లౌడ్‌కి 2011లో నిస్ట్ (అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) ఇచ్చిన నిర్వచనం గడగడా అప్పజెప్తారు, ఐదు లక్షణాలు, మూడు సర్వీస్ మోడళ్ళు, నాలుగు డిప్లాయ్‌మెంట్ మోడళ్ళు. అది విన్నాక నేను అడిగేది ఒకటే. "అమ్మా, నువ్వొక లైనక్స్ సర్వర్ లేపావు, పబ్లిక్ ఐపీ ఉంది, ఎస్ఎస్‌హెచ్ కొడితే కనెక్షన్ టైమ్డ్ అవుట్ అంటోంది, ముందు ఏం చూస్తావు?" అక్కడ ఆగిపోతారు. (ఎస్ఎస్‌హెచ్ అంటే దూరాన ఉన్న సర్వర్‌లోకి మన కంప్యూటర్ నుంచి లాగిన్ అయ్యే పద్ధతి.) టైమ్డ్ అవుట్ అంటే మన ప్యాకెట్‌కి జవాబే రావట్లేదు, దారిలోనే ఎక్కడో పోతోంది, అంటే సెక్యూరిటీ గ్రూప్‌లో (సర్వర్ ముందుండే ఫైర్‌వాల్‌లో) ఎస్ఎస్‌హెచ్ వాడే 22 పోర్టు తెరవలేదేమో, రూట్ టేబుల్‌లో (ప్యాకెట్లు ఎటు వెళ్ళాలో రాసుండే పట్టికలో) ఇంటర్నెట్ గేట్‌వేకి దారి లేదేమో చూడాలి. అదే కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటే మామూలుగా మిషన్ దాకా వెళ్ళాం, అక్కడ ఎస్ఎస్‌హెచ్ సర్వీసే నడవట్లేదని. పర్మిషన్ డినైడ్ అని పబ్లిక్ కీ (పాస్‌వర్డ్ బదులు వాడే తాళం ఫైల్) మాట వస్తే ఇంక నెట్‌వర్క్ వంక చూడక్కర్లేదు, కీ ఫైలో యూజర్ పేరో తప్పు. ఈ మూడు ఎర్రర్లకి తేడా తెలిసిన పిల్లని ఒక్కసారి కూడా వదులుకోలేదు నేను. ఆ తేడా నేర్పేది క్లౌడ్ సబ్జెక్టు కాదు, నెట్‌వర్క్స్, ఓఎస్.

మా తమ్ముడికి, అంటే ఆ పిన్ని కొడుకుకే, కాగితం మీద 10.0.0.0/16 అని ఒక పెద్ద ఐపీ అడ్రస్‌ల గుంపు రాసి, దాన్ని /24 అనే చిన్న ముక్కలు చేసి చూపించా. ఒక ముక్కలో 256 అడ్రస్‌లు, పుస్తకం లెక్కలో మొదటిదీ చివరిదీ పోగా మిషన్లకి ఇవ్వగలిగేవి 254, కానీ ఏడబ్ల్యూఎస్‌లో అలాంటి ముక్క (సబ్‌నెట్) చేస్తే 251 చూపిస్తుంది, ఎందుకంటే ప్రతి సబ్‌నెట్‌లో ఐదు వాళ్ళు తీసిపెట్టుకుంటారు. 254 ఎందుకో తెలిసినోడికి 251 ఎందుకో రెండు నిమిషాల్లో ఎక్కుతుంది. తెలియనోడు 251 అని బట్టీ పడతాడు, రేపు ఇంకో కంపెనీ క్లౌడ్‌కి వెళ్తే మళ్ళీ మొదటికొస్తాడు. వాడు వెంటనే ఆ ఐదూ ఏంటన్నయ్యా అని అడిగాడు, నాకైతే చాలా సంతోషమేసింది, ఆ ప్రశ్న వచ్చిందంటే వీడు నేర్చుకుంటాడు.

ఇంకోటి, రేపు మనసు మారి గేట్ రాద్దామనుకుంటే కంప్యూటర్ సైన్స్ పేపర్ సిలబస్‌లో క్లౌడ్ లేదు, ఉన్నవి ఓఎస్, నెట్‌వర్క్స్, అల్గారిథమ్స్, కంపైలర్స్ వగైరా.

మరి స్పెషలైజేషన్ ఎప్పుడు మేలంటే, ల్యాబ్ నిజంగా ఉన్నప్పుడు. కాలేజీకి వెళ్ళినప్పుడు ప్లేస్‌మెంట్ పోస్టర్లు చూడకుండా మూడో సంవత్సరం పిల్లల్ని ఇద్దర్ని పట్టుకుని అడగండి: మీకు ఎవరి పేరు మీద వాళ్ళకి క్లౌడ్ అకౌంట్ ఇచ్చారా, ఏడబ్ల్యూఎస్ అకాడమీ లాంటిది ఉందా, మీ చేత్తో సర్వర్ లేపారా, సారు ప్రొజెక్టర్ మీద చూపించారా అని. ప్రతివాడూ చేత్తో చేశానంటే, నెట్‌వర్క్స్ ల్యాబ్ కూడా పూర్తిగా ఉంటే, కళ్ళు మూసుకుని చేర్పించొచ్చు. అదే కాలేజీలో మామూలు సీఎస్ఈ కటాఫ్ అందక క్లౌడ్‌లో సీటు వస్తున్నా తీసుకోండి, కాలేజీ వదులుకోకండి. కానీ మేనేజ్‌మెంట్ కోటాలో లక్షలు కట్టి ఆ పేరు కోసమే కొంటామంటే మాత్రం వద్దు, ఆ డబ్బులో కొంచెంతో మంచి ల్యాప్‌టాప్ కొనివ్వండి.

మామూలు సీఎస్ఈలో చేరినవాడు క్లౌడ్ ఎలా నేర్చుకోవాలన్నది పిన్ని అడిగిన ప్రశ్న. ఎన్‌పీటీఈఎల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వెబ్‌సైట్) ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళ క్లౌడ్ కోర్సు ఉంది, వీడియోలు ఫ్రీ, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ప్రాక్టీసుకి మైక్రోసాఫ్ట్ వాళ్ళ క్లౌడ్ అయిన అజూర్ స్టూడెంట్ అకౌంట్‌లో క్రెడిట్ కార్డు లేకుండానే 100 డాలర్ల క్రెడిట్ ఇస్తారు. కార్డు అడిగే అకౌంట్లతో మాత్రం జాగ్రత్త. నేను నేర్చుకునే రోజుల్లో ప్రాక్టీస్ కోసం ఒక నాట్ గేట్‌వే (లోపలి సర్వర్లు ఇంటర్నెట్‌కి వెళ్ళే దారి) పెట్టి, సర్వర్లు ఆపేశాను కదా అని దాన్ని అలాగే వదిలేసి సంక్రాంతికి ఊరెళ్ళిపోయా, నెల తిరిగేసరికి దగ్గర దగ్గర మూడు వేలు బిల్లు. ఏ ట్రాఫిక్ లేకపోయినా అది గంటకింత అని లెక్క వేస్తుందని అప్పుడు తెలిసింది. అందుకే అకౌంట్ తెరిచిన రోజునే, సర్వర్ కంటే ముందు, బడ్జెట్ అలర్ట్ (ఖర్చు ఇంత దాటితే మెయిల్ పంపేది) పెట్టుకోమని మా తమ్ముడికి చెప్పా.

సర్టిఫికెట్లు తొందరపడి రాయకండి. ఏడబ్ల్యూఎస్ క్లౌడ్ ప్రాక్టీషనర్ 100 డాలర్లు, సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ 150, పైన ట్యాక్సు, రెండూ మూడేళ్ళే చెల్లుతాయి. రెండో సంవత్సరంలో రాస్తే ఉద్యోగంలో కుదురుకునే లోపే గడువు అయిపోతుంది. మూడో సంవత్సరం వేసవిలో నేరుగా అసోసియేట్ రాస్తే చాలు.

వైజాగ్ ద్వారకానగర్ కోచింగ్‌ల గురించి ఎక్కువ చెప్పను. మూడు నెలల్లో క్లౌడ్ అని బోర్డులు చాలానే ఉన్నాయి. బీటెక్‌కి బదులు అది కాదు. బీఎస్సీ కంప్యూటర్స్ అయిపోయి ఏడాది ఖాళీగా ఉన్నవాళ్ళకి, ఇంట్లో ఒంటరిగా కూర్చుని చదవలేని వాళ్ళకి రోజూ ఒకచోటికి వెళ్ళే అలవాటు కోసం పనికొస్తుంది. చేరేముందు ఒక డెమో క్లాసు కాదు, మధ్యలో నడుస్తున్న బ్యాచ్‌లో ఒకరోజు కూర్చోనివ్వమని అడగండి. ఉద్యోగం గ్యారంటీ అని ముందే మొత్తం ఫీజు కట్టమంటే బయటికొచ్చేయండి.

చివరికి మావాడు ఆప్షన్లలో ముందు రెండు కాలేజీల మామూలు సీఎస్ఈలు పెట్టాడు, మూడోది ఐటీ, నాలుగోది పిల్లల్ని అడిగి ల్యాబ్ సంగతి కనుక్కున్న కాలేజీలో సీఎస్ఈ క్లౌడ్. బాబాయ్ ఐదోదిగా ట్రిపుల్ఈ కూడా పెట్టించాడు. సీట్ అలాట్‌మెంట్ వచ్చేలోపు వాడి పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (ఫ్రీగా దొరికే లైనక్స్) ఎక్కించి ఇచ్చి వచ్చా.