రోజుకు ఏడు ఇళ్లు, 38 కిలోమీటర్లు: నా హైబ్రిడ్ కారు పదహారు నెలల లెక్క

నేను ఫిజియోథెరపిస్టును. మంచం దిగలేని వాళ్ల ఇళ్లకే వెళ్లి వ్యాయామాలు చేయిస్తాను. రోజుకు ఏడు ఇళ్లు, ఒక్కోసారి ఎనిమిది. ఇంటికీ ఇంటికీ మధ్య నాలుగైదు కిలోమీటర్ల దూరం, ఒక్కో ఇంట్లో నలభై నిమిషాల పని. అంటే నా బండి పావుగంట నడుస్తుంది, నలభై నిమిషాలు ఆగుతుంది, ఇంజను చల్లబడే వేళకు మళ్లీ కదులుతుంది. ఇంధనం ఖర్చంతా ఈ ఆగడంలోనూ కదలడంలోనూ ఉందని తెలుసుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

ఆ నాలుగేళ్లూ నడిపింది డీజిల్ కారు. ప్రకటనలో లీటరుకు 22 కిలోమీటర్లు అన్నారు. నాకు వచ్చింది 13.8. బండిలో లోపం ఉందేమోనని రెండుసార్లు సర్వీసింగుకు ఇచ్చాను. లోపం లేదన్నారు. అది నిజమే. తప్పు బండిది కాదు, నా ఎంపికది. పైగా పొగలోని మసిని పట్టే ఫిల్టరు దీపం తరచూ వెలిగేది. డీజిల్ కార్లలో ఆ ఫిల్టరు బాగా వేడెక్కితేనే లోపలి మసి కాలిపోతుంది. అందుకు బండి కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో నడవాలి. నా దినచర్యలో అంత వేడి దానికి ఏనాడూ అందలేదు. మసి కాల్చడానికే సెలవురోజు పని లేకపోయినా పెద్ద రోడ్డెక్కి అరగంట తిరిగి వచ్చేదాన్ని. ఇంధనం పొదుపు చేస్తుందని కొన్న బండి కోసం ఇంధనం తగలేస్తున్నానన్న బాధ ఇప్పటికీ పోలేదు. అమ్మేటప్పుడు షోరూంలో ఒక్కరైనా నన్ను “రోజూ ఎలా తిరుగుతారు?” అని అడిగి ఉంటే ఆ బండి కొనేదాన్ని కాదు.

అందుకే రెండోసారి షోరూంకు వెళ్లడానికి ముందు చిన్న నోటుపుస్తకం కొన్నాను. వారం రోజులు ప్రతి ప్రయాణమూ రాశాను: బయలుదేరిన సమయం, చేరిన సమయం, దూరం, ఎన్ని సిగ్నళ్ల దగ్గర ఆగాను, ఏసీ వేశానా లేదా. వారం తర్వాత కూడి చూస్తే సగటున రోజుకు 38 కిలోమీటర్లు, గంటకు 19 కిలోమీటర్ల వేగం. ఆ 19 అంకె చూశాక ప్రకటనల్లోని మైలేజీ నాకెందుకు రావడం లేదో అర్థమైంది.

కంపెనీలు చెప్పే అంకె అబద్ధం కాదు. అది ప్రయోగశాలలో రోలర్ల మీద, ముందే నిర్ణయించిన వేగాలతో నడిపి తీసిన అంకె. యూరప్‌లో చాలాకాలం వాడిన ఎన్‌ఈడీసీ పరీక్షలో బండి సుమారు 20 నిమిషాల్లో 11 కిలోమీటర్లు నడిచేది, సగటు వేగం 33.6. దాని స్థానంలో 2017 నుంచి తెచ్చిన డబ్ల్యూఎల్‌టీపీ నిజ జీవితానికి మరింత దగ్గరగా ఉంటుంది: 30 నిమిషాలు, 23 కిలోమీటర్లకు పైగా, సగటు వేగం 46.5. అమెరికాలో 2008 మోడళ్ల నుంచి చలి, ఏసీ, అధిక వేగం కూడా కలిపి అంచనా కడుతున్నారు. ఏ పద్ధతిలో చూసినా, 46.5 వేగంతో నడిచే బండికీ 19 వేగంతో నడిచే నా బండికీ ఒకే మైలేజీ ఎలా వస్తుంది? కంపెనీ అంకె ఒక కారును మరో కారుతో పోల్చుకోవడానికి పనికొస్తుంది, అదీ రెండు అంకెలూ ఒకే పరీక్షవి అయితేనే. మన జేబులోంచి ఎంత పోతుందో అది చెప్పదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దీని వల్ల నేను దాదాపు మోసపోయాను. లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అన్న లెక్క కంటిని తప్పుదారి పట్టిస్తుంది. 22 ఇచ్చే కారుకూ 28 ఇచ్చే కారుకూ మధ్య ఆరు కిలోమీటర్ల తేడా. 12 ఇచ్చే కారుకూ 18 ఇచ్చే కారుకూ మధ్య కూడా ఆరే. అయితే వెయ్యి కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు తాగుతాయో చూడండి. మొదటి జతలో తేడా పది లీటర్లలోపు. రెండో జతలో 28 లీటర్లు. కాబట్టి బాగా తాగే బండిని వదిలి మామూలు బండికి మారడంలో వచ్చే పొదుపు, మంచి బండిని వదిలి ఇంకా మంచి బండికి మారడంలో రాదు. ఈ లెక్క వేసుకున్నాకే 28 వస్తుందన్న ఇరుకైన కారు మీద మోజు వదులుకున్నాను. నా సామాను అందులో పట్టదు కూడా.

మూడు కార్లు ఎంచుకుని, మూడింటినీ నా దారిలోనే నడిపి చూశాను. షోరూం వాళ్లు ఎప్పుడూ తమ దగ్గరి ఖాళీ రోడ్డు మీదే తిప్పి తీసుకొస్తారు. అక్కడ ప్రతి కారూ బాగానే ఉంటుంది. నేను పట్టుబట్టి, ఉదయం రద్దీ వేళ, నాలుగు ఇళ్లు కలిసే దారిలో గంటసేపు నడుపుతానన్నాను. ఒక చోట ఒప్పుకోలేదు, వేరే షోరూంకు వెళ్లాను. చిన్న టర్బో పెట్రోలు కారు, అంటే చిన్న ఇంజనులోకి గాలిని బలంగా నెట్టి శక్తి పెంచే రకం, మీటరులో 14.2 చూపింది. తేలిగ్గా నడిపితే టర్బో ఇంజను పొదుపుగానే ఉంటుంది. ఆగిన ప్రతిసారీ పాదం బలంగా వేస్తే చిన్న ఇంజను కూడా పెద్ద ఇంజనులాగే తాగుతుంది. ఆటోమేటిక్ గేర్ల మామూలు పెట్రోలు కారు 15.1 చూపింది. పెట్రోలు ఇంజనుకు విద్యుత్ మోటారు తోడుండే హైబ్రిడ్ 23.4 చూపింది. అదే రోడ్డు, అదే వేళ, అదే పాదం. నాకు ఇంకేమీ వినాలనిపించలేదు.

విద్యుత్ కారు ఎందుకు చూడలేదని అడగవచ్చు. నేనుండే చోట రాత్రిపూట బండిని చార్జింగులో పెట్టుకునే వీలు లేదు. ఆ వీలుంటే రోజుకు 38 కిలోమీటర్లకు విద్యుత్ కారే సరైనది, అనుమానమే లేదు.

కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పేది ఈ రకం బండి గురించి. 1,500 సీసీ పెట్రోలు ఇంజను, దానికి తోడు విద్యుత్ మోటారు, బ్యాటరీ. బయటి నుంచి చార్జింగు అక్కర్లేదు. ఈ పద్ధతి కొత్తది కాదు, టయోటా ప్రియస్ జపాన్‌లో అమ్మకానికి వచ్చింది 1997 డిసెంబరులోనే. మామూలు పెట్రోలు కారులో ఇంధనంలోని శక్తిలో చక్రాలకు చేరేది చాలా తక్కువ, మూడో వంతు కూడా ఉండదు. మిగతాదంతా వేడిగా పోతుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ ఆ చేరిన కాస్తలోనూ కొంత పోతుంది. హైబ్రిడ్ చేసే మేలు ఇక్కడే. బ్రేకు వేస్తే మోటారు జనరేటరుగా మారి ఆ శక్తిలో కొంత భాగాన్ని బ్యాటరీలోకి తిరిగి పంపుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోతుంది. కదిలేటప్పుడు మోటారే లాగుతుంది. ఇంజను కూడా వేరు రకం, అట్కిన్సన్ పద్ధతిది. లోపలికి గాలి వదిలే కవాటం ఆలస్యంగా మూసుకుంటుంది, దాంతో ఇంధనం మండాక వాయువులు విస్తరించే బలం మరింత ఎక్కువగా వాడుకలోకి వస్తుంది. దానివల్ల లాగే బలం కొంత తగ్గుతుంది, ఆ లోటును మోటారు పూరిస్తుంది.

కొనేవాళ్లు తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇంజను ఆగి ఉండగా మోటారు ఒక్కటే బండిని నడపగలదా? హైబ్రిడ్ అని రాసి ఉన్న చాలా కార్లలో మోటారు ఇంజనుకు కాస్త సాయం మాత్రమే చేస్తుంది, చక్రాలను ఒంటరిగా తిప్పలేదు. వాటిని మైల్డ్ హైబ్రిడ్ అంటారు. అవి చెడ్డవి కావు. ఆగుతూ కదిలే దారిలో మాత్రం పూర్తి హైబ్రిడ్ ఇచ్చే పొదుపు వాటిలో రాదు.

మొదటి రోజు నన్ను కట్టిపడేసింది పొదుపు కాదు, నిశ్శబ్దం. పెద్ద కూడలిలో ఎర్రదీపం పడింది. ముందు పదిహేను బండ్లు. ఇంజను ఆగింది. స్టీరింగు మీద ఉన్న నా వేళ్లకు నాలుగేళ్లుగా అలవాటైన వణుకు లేదు. దీపం మారింది. బండ్లు ఒక్కో కారు పొడవు జరుగుతున్నాయి, నా కారూ జరిగింది, అప్పటికీ ఇంజను లేవలేదు. కూడలి దాటి వేగం పెంచాక గానీ అది మెల్లగా అందుకోలేదు. రోజుకు రెండు గంటలు ఇలాంటి రద్దీలో గడిపే మనిషికి సాయంత్రం భుజాలు ఎంత తేలికగా ఉంటాయో నా వృత్తి వల్ల నాకు బాగా తెలుసు.

ఇక పదహారు నెలల లెక్క. 19,600 కిలోమీటర్లు తిరిగాను. మీటరు చూపే మైలేజీని నమ్మను. ప్రతిసారీ ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, బండి ఒకే దిక్కుకు పెట్టి, నాజిల్ తనంతట తాను టక్కున ఆగిన చోటే ఆపిస్తాను. కుర్రాడు అంకె సరిచేయడానికి ఇంకాస్త పోయబోతే వద్దంటాను. తిరిగిన దూరాన్ని ఆ లీటర్లతో భాగిస్తే వచ్చేదే అసలు మైలేజీ. ఒక్కసారి చేస్తే సరిపోదు, నాలుగైదు ట్యాంకులు కలిపి చూడాలి. నా సగటు 22.1. అదే కాలంలో మీటరు చూపింది 23.3. చలికాలంలో 19 దాకా పడిపోయింది. ఉదయం మొదటి ప్రయాణంలో బ్యాటరీ నిండుగా ఉన్నా ఇంజను కొన్ని నిమిషాలు నడుస్తుంది, పొగను శుద్ధి చేసే భాగం వేడెక్కాలి కాబట్టి. చలిలో ఆ నిమిషాలు ఎక్కువవుతాయి.

పాత డీజిల్ కారు వెయ్యి కిలోమీటర్లకు 72 లీటర్లకు పైగా తాగేది. ఇది 45. ఇన్ని నెలల్లో మిగిలింది 530 లీటర్లకు పైనే. లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, పెట్రోలుకు 2.3. ఆ లెక్కన ఒక టన్నున్నరకు మించి తగ్గించాను. ఆస్తమాతో మంచం పట్టిన ఒక పెద్దావిడ ఇంటి కిటికీ పక్కనే నేను రోజూ బండి ఆపుతాను. ఆ కిటికీ దగ్గర పొగ లేకుండా, చప్పుడు లేకుండా ఆగగలగడం నాకు ఈ అంకెలన్నిటికంటే ఎక్కువ.

ఇబ్బందులూ ఉన్నాయి. నిటారైన ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను ఒకే స్థాయిలో మోగుతూ ఉంటుంది, వేగం మాత్రం ఆ మోతకు తగ్గట్టు పెరగదు. అదనపు చక్రం లేదు, పంక్చరు పడితే గాలి కొట్టే చిన్న యంత్రం, జిగురు సీసా మాత్రమే. ఊరెళ్లి పదహారు రోజుల తర్వాత తిరిగొస్తే బండి తలుపు కూడా తెరుచుకోలేదు. నడిపే పెద్ద బ్యాటరీ కాదు, దీపాలకూ తాళాలకూ ఉండే చిన్న 12 వోల్టుల బ్యాటరీ అడుగంటింది.

అన్నిటికంటే భయపెట్టింది మరొకటి. పనికి కావలసిన తువ్వాళ్లు, దుప్పట్ల సంచిని వెనక సీటు పక్కన కూరేదాన్ని. ఐదో నెలలో ఒక మధ్యాహ్నం హెచ్చరిక దీపం వెలిగింది. మెకానిక్ ఏ పరికరమూ తగిలించకముందే వెనక తలుపు తీసి సంచి పక్కకు జరిపాడు. దాని కింద చేతివేలి పొడవున్న జాలీ. పెద్ద బ్యాటరీని చల్లబరిచే గాలి లోపలికి వెళ్లేది అక్కడి నుంచే. నేను దాన్ని దుప్పట్లతో మూసేశాను. జాలీకి అంటుకున్న తువ్వాలు నూగును ఆయన బ్రష్షుతో తీసి నా అరచేతిలో పెట్టాడు, చిన్న ఉండంత ఉంది. బండితో ఇచ్చిన పుస్తకంలో ఈ మాట స్పష్టంగా రాసి ఉంది. బండి అప్పగించేటప్పుడు పాటలు ఎలా పెట్టుకోవాలో ఇరవై నిమిషాలు చూపించిన వాళ్లు ఆ జాలీ గురించి ఒక్క మాట చెప్పలేదు. హైబ్రిడ్ కొంటున్న వాళ్లెవరైనా మొదట అది ఎక్కడుందో అడిగి తెలుసుకోండి. కొన్ని కార్లలో సీటు కింద ఉంటుంది, కొన్నింటిలో పక్కన.

నడిపే తీరు గురించి ఒక్కటే చెబుతాను. బ్రేకును ముందుగా, మెల్లగా వేయండి. గట్టిగా నొక్కితే బ్రేకు పలకలు పట్టుకుంటాయి, ఆ శక్తి మళ్లీ వేడిగా పోతుంది. టైర్లలో గాలి, డిక్కీలో బరువు కూడా చూసుకోవాల్సినవే, అయితే నా దారిలో వాటి తేడా ఒకటి రెండు శాతం దాటలేదు.

ఈ బండి అందరికీ సరిపోతుందని చెప్పను. పెద్ద రోడ్డు మీద గంటకు 110 వేగంతో వెళ్లినప్పుడు నాకు 18 మాత్రమే వచ్చింది. అక్కడ బ్రేకు వేసే పని లేదు, తిరిగి వచ్చే శక్తీ లేదు, గాలిని చీల్చుకుంటూ పోవడానికే ఇంధనం పోతుంది. మాతో పనిచేసే ఒకాయన రోజూ ఊరి బయటి నుంచి 62 కిలోమీటర్లు, దాదాపు ఎక్కడా ఆగకుండా వస్తారు. నా మైలేజీ చూసి ఇదే కారు కొంటానన్నారు. వద్దన్నాను. ఆయన దారికి తేలికైన మామూలు పెట్రోలు కారో, నేను వదిలించుకున్నలాంటి డీజిల్ కారో నప్పవచ్చు. నా నోటుపుస్తకంలో మిగిలిన ఖాళీ పేజీలు చింపి ఇచ్చాను. ఆయన నాలుగు రోజులుగా రాస్తున్నారు, ఇంకో మూడు రోజులు మిగిలాయి. ఆదివారం ఆ కాగితాలు పట్టుకుని ఇద్దరం షోరూంకు వెళ్తున్నాం.